ఫ్రీమేసన్లు కళలకు ఇచ్చింది గుర్తులా, రంగస్థలమా?

గోదారిగట్టు:
సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నాలుగేళ్ళుగా వియన్నాలో ఉంటున్నాను. గత నెలలో మొజార్ట్ ఒపేరా ‘మేజిక్ ఫ్లూట్’ చూడడానికి వెళ్ళాను. పక్కన కూర్చున్న సహోద్యోగి తెర లేవకముందే, ఇదంతా గుర్తులూ దీక్షలూ ఉన్న ఫ్రీమేసన్ల సంఘపు వ్యవహారమనీ, మూడు అనే సంఖ్య ఎక్కడ వచ్చినా గమనించమనీ నా చెవిలో ఊదాడు. ఆ మాట విన్న పాపానికి ప్రదర్శన సాంతం లెక్కలు వేస్తూ కూర్చున్నాను. ‘రాత్రి రాణి’ అనే పాత్ర కొలువులో ముగ్గురు స్త్రీలు, దారి చూపే ముగ్గురు బాలురు, మూడు ఆలయాలు అంటూ వేళ్ళు మడిచానే తప్ప సంగీతం చెవికెక్కలేదు.

ఇంటికి వచ్చి వీడియోలు వెతికితే డాలరు నోటు మీది కన్ను దగ్గర మొదలుపెట్టి ప్రపంచంలో ప్రతి కట్టడమూ వాళ్ళదేనన్నట్టు చెప్పుకుపోయారు. ఈ సంఘం చరిత్రలో ఆధారాలకు నిలబడే భాగం ఎంత? కళల మీద వాళ్ళ ప్రభావమని నిజంగా చెప్పదగినది ఏది? తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

పాతకాగితం:
గోదారిగట్టు గారూ, ముందు ‘లాడ్జి’ అనే మాట సంగతి చూడాలి. మనకు లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా రోజు అద్దెకు దొరికే గది. మధ్యయుగపు ఐరోపాలో పెద్ద చర్చి కడుతున్నచోట గోడవారగా రాతిపనివాళ్ళు వేసుకున్న పాకను ఆ పేరుతో పిలిచేవారు. పనిముట్లు దాచుకోవడం, వానకు తలదాచుకోవడం, పని గురించి తగవులు తీర్చుకోవడం అన్నీ అక్కడే జరిగేవి. స్కాట్లండ్ రాజు ఆరవ జేమ్స్ వద్ద నిర్మాణాల అధికారిగా ఉన్న విలియం షా 1598లో, మళ్ళీ 1599లో ఆ మేస్త్రీలకు రాతపూర్వకమైన నియమావళి ఇచ్చాడు. ఆ తర్వాతి శతాబ్దంలో, జీవితంలో ఒక్కసారి కూడా తాపీ పట్టని పెద్దమనుషులు ఈ లాడ్జిలలో చేరడం కనిపిస్తుంది. పురావస్తువులు సేకరించే ఎలియాస్ ఆష్మోల్, తాను 1646 అక్టోబరు 16న వారింగ్టన్‌లో ఫ్రీమేసన్‌గా చేరినట్టు డైరీలో రాసుకున్నాడు.

1717 జూన్ 24న లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి దగ్గరి ‘గూస్ అండ్ గ్రిడైరన్’ అనే సారాయి దుకాణంలో నాలుగు లాడ్జిలు కలిసి, వాటన్నిటికీ పెద్దగా గ్రాండ్ లాడ్జిని ఏర్పరచాయని సంఘం చెప్పుకుంటుంది. అయితే ఆ కథనం మొదటిసారి అచ్చులో కనిపించేది 1738లో, అంటే రెండు దశాబ్దాల తర్వాత. అందువల్ల అసలు ఏర్పాటు 1721లో జరిగి ఉంటుందని వాదించే చరిత్రకారులు కూడా ఉన్నారు. జేమ్స్ ఆండర్సన్ అనే మతాచార్యుడు కూర్చిన నియమగ్రంథం 1723లో వెలువడింది. అందులో అతడు సంఘ చరిత్రను ఏకంగా ఆదాము దగ్గర మొదలుపెట్టాడు! మన స్థలపురాణాలు కృతయుగంలో మొదలవుతాయి కదా, ఇదీ అలాంటిదే. బైబిల్లో సోలమన్ రాజు కట్టించిన ఆలయం, ఈజిప్టు పిరమిడ్లు, క్రూసేడుల నాటి టెంప్లార్ యోధుల కథలన్నీ తర్వాత అల్లుకున్నవే. ఆ కథల్ని నమ్మనవసరం లేదు గానీ, చిత్రకారులకూ నాటకకర్తలకూ పని కల్పించినవి మాత్రం అవే.

సందేహి:
డాలరు నోటు మీద కన్ను ఉంది, పిరమిడ్ ఉంది. ఇంత బాహాటంగా కనిపిస్తుంటే ఇంకా ఆధారం ఏం కావాలో నాకు అర్థం కావడం లేదు.

పాతకాగితం:
సందేహి గారూ, ఆ బొమ్మ అమెరికా రాజముద్ర వెనుకభాగానిది. ముద్ర 1782లో ఖరారైంది, నోటు మీదికి 1935లో వచ్చింది. దాని కోసం వరుసగా మూడు కమిటీలు పనిచేశాయి. మొదటి కమిటీ సభ్యుల్లో మేసన్‌గా పేరుపడ్డవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే. అతడు సూచించిన బొమ్మలో కన్ను లేదు, మోషే ఎర్రసముద్రం దాటే దృశ్యం ఉంది. కన్నును సూచించినది ఆ కమిటీకి సాయపడిన చిత్రకారుడు ద్యు సిమితియేర్. అసంపూర్ణ పిరమిడ్‌ను ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ అంతకుముందే 1778 నాటి యాభై డాలర్ల నోటు మీద వాడాడు. త్రికోణంలోని కన్ను అప్పటికే క్రైస్తవ చిత్రకళలో దేవుడికి గుర్తుగా చెలామణీలో ఉంది. అమెరికా మేసన్ల పుస్తకాల్లో అది ప్రచారంలోకి వచ్చింది 1797 తర్వాతే. అంటే రెండు వర్గాలూ ఒకే బజారులో ఒకే బొమ్మను కొనుక్కున్నాయన్నమాట.

నిజంగా వాళ్ళ చెయ్యి ఉన్నచోట దాపరికమే లేదు. 1793 సెప్టెంబరు 18న అధ్యక్షుడు వాషింగ్టన్ మేసన్ల ఏప్రన్ కట్టుకుని జనం మధ్యలోనే అమెరికా చట్టసభ భవనానికి శంకుస్థాపన చేశాడు. లిబర్టీ విగ్రహాన్ని చెక్కిన బార్తోల్డీ మేసన్. ఆ విగ్రహపీఠానికి 1884 ఆగస్టు 5న మూలరాయి వేసినవాళ్ళు కూడా న్యూయార్క్ మేసన్లే.

రసమట్టం:
నేను సివిల్ ఇంజనీరును, మా నాన్నగారు తాపీ మేస్త్రి. ఈ విషయంలోకి నన్ను లాగినది వాళ్ళ పనిముట్లే. మూలమట్టం, వృత్తలేఖిని, మట్టం, దారానికి వేలాడే గుండు, తాపీ, ఇవన్నీ మా ఇంట్లో గోనెసంచిలో పడి ఉండేవి. మేసన్లు ఒక్కో పనిముట్టుకు ఒక్కో నీతిని తగిలించారు. మూలమట్టం నడవడికలో సూటిదనానికీ, మట్టం మనుషుల సమానత్వానికీ, గుండు నిటారుగా నిలవడానికీ గుర్తులు. లాడ్జి పెద్ద మెడలో మూలమట్టం, అతని తర్వాతి ఇద్దరి మెడల్లో మట్టం, గుండు వేలాడతాయి. మేసన్ల చిత్రాల్లోని మట్టం నా పేరులోని రసమట్టం (గాలిబుడగ ఉండేది) కాదని ఇక్కడ చెప్పాలి. మూడు చెక్కలను దిగువ తెరిచిన త్రికోణంలా బిగించి, కొస నుంచి గుండు వేలాడదీసిన పాతకాలపు సాధనం అది. గుండు దారం అడ్డచెక్క మధ్యనున్న గీత మీదికి వస్తే నేల సమంగా ఉన్నట్టు లెక్క.

కళకు సంబంధించి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మరొకటి. తొలినాళ్ళలో వాళ్ళకు సొంత భవనాలు లేవు, సారాయి దుకాణాల మేడగదుల్లో కలిసేవారు. ఆ సాయంత్రానికి ఆ గది సోలమన్ ఆలయం కావాలి. అందుకని ద్వారపాలకుడు సుద్దముక్కతో, బొగ్గుతో నేలచెక్కల మీద స్తంభాలు, మెట్లు, సూర్యచంద్రులు, పనిముట్లు గీసేవాడు. కార్యక్రమం ముగిశాక కొత్తగా చేరినవాడు బకెట్టు, తుడుపుగుడ్డ పట్టుకుని ఆ గీతలన్నీ కడిగేయాలి. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టి, మర్నాడు కడిగి మళ్ళీ పెట్టే మనకు ఆ పద్ధతి వింతగా తోచదు. గీసినంతసేపు అది పవిత్రస్థలం, తుడిచాక మామూలు గది.

తర్వాత తర్వాత రోజూ గీయడం విసుగనిపించిందేమో, గుడ్డ మీద వేయించి చుట్టి దాచుకోవడం మొదలుపెట్టారు. ఆపైన చెక్కపలకల మీద వర్ణచిత్రాలు వచ్చాయి. 1845లో జాన్ హారిస్ లండన్‌లోని ఒక లాడ్జి కోసం వేసిన మూడు పలకలు వీటిలో ప్రసిద్ధమైనవి. నలుపు తెలుపు గళ్ళ నేల, దూరంగా నిచ్చెన, పైన నక్షత్రాలు ఉన్న ఆ పలకను చూస్తే నాకైతే రంగస్థలం వెనుక వేలాడదీసే తెరే గుర్తుకొస్తుంది.

షడ్జమం:
రసమట్టం గారు అసలు సంగతిని పట్టుకున్నారు. ‘మేజిక్ ఫ్లూట్’లో మూడు అంకెను వెతకడం తప్పుకాదు గానీ, అది పైపైన దొరికేది. లోపల ఉన్నది దీక్షా కార్యక్రమపు నడక. కళ్ళకు గంతలు కట్టుకుని వచ్చినవాడిని తలుపు దగ్గర ఆపి ప్రశ్నించి, మౌనంగా ఉంచి, పరీక్షలు పెట్టి, చివరికి ఒక్కసారిగా వెలుగులోకి తెస్తారు. ఒపేరాలో రాకుమారుడు టామినో జ్ఞానం, వివేకం, ప్రకృతి అనే మూడు ఆలయాల ముందు నిలబడతాడు. రెండు తలుపుల దగ్గర లోపలి నుంచి ‘వెనక్కి’ అన్న గొంతు వినిపిస్తుంది. మూడో తలుపు తెరుచుకుని వృద్ధ పూజారి బయటికి వచ్చి ప్రశ్నలు వేస్తాడు. ఆ తర్వాత మౌనవ్రతం, నిప్పు, నీరు. కథకు ఈజిప్టు పూత పూయడానికీ కారణముంది. ఖనిజశాస్త్రవేత్త ఇగ్నాజ్ ఫాన్ బోర్న్ వియన్నా మేసన్ల పత్రికలో 1784లో ఈజిప్టు రహస్యాల మీద పెద్ద వ్యాసం రాశాడు. పూజారి సరాస్ట్రో పాత్రలో అతని పోలికలున్నాయని చాలామంది అంటారు.

మొజార్ట్ 1784 డిసెంబరు 14న వియన్నాలోని ‘దాతృత్వం’ అనే లాడ్జిలో చేరాడు. స్వరకర్త హైడన్ 1785 ఫిబ్రవరి 11న ‘నిజమైన ఐకమత్యం’ అనే మరో లాడ్జిలో చేరాడు. ఆ రాత్రి మొజార్ట్ అక్కడ లేడు, ఎందుకంటే అదే సాయంత్రం డి మైనర్ పియానో కన్చెర్టోను (పియానోకూ వాద్యబృందానికీ కలిపి రాసిన రచన) మొదటిసారి వినిపిస్తున్నాడు. మర్నాడు హైడన్ మొజార్ట్ ఇంటికి వెళ్ళి, తనకు అంకితం కాబోతున్న కొత్త చతుష్టయాలు (నాలుగు తీగవాద్యాల రచనలు) విని, ‘నాకు తెలిసిన స్వరకర్తల్లో మీ అబ్బాయే గొప్పవాడు’ అని అక్కడే ఉన్న మొజార్ట్ తండ్రితో అన్నాడు. ఆ తండ్రి కూడా కొద్ది వారాల్లోనే లాడ్జిలో చేరాడు. హైడన్ మాత్రం ఆ తర్వాత లాడ్జి మొహం చూసిన దాఖలా లేదు.

మొజార్ట్‌కు లాడ్జి వల్ల కలిగిన ముఖ్యమైన ఫలితం స్నేహాలని నా అభిప్రాయం. చేతిలో డబ్బు లేనప్పుడల్లా అప్పు కోసం ఉత్తరం రాసిన బట్టల వర్తకుడు పుఖ్‌బర్గ్ లాడ్జి సోదరుడే. క్లారినెట్ విద్వాంసుడు స్టాడ్లర్ కూడా మేసనే. 1785 నవంబరులో ఇద్దరు సభ్యులు చనిపోయినప్పుడు వినిపించిన ‘మేసన్ల అంత్యక్రియల సంగీతం’లో ఆ మంద్రమైన గాలివాద్యాల ఛాయను మొజార్ట్ ఎంత ప్రేమగా వాడాడో ఒకసారి వినండి, ఏడు నిమిషాలు కూడా పట్టదు. అతను పూర్తిచేసిన చివరి రచన కూడా 1791 నవంబరు 15 నాటి చిన్న మేసన్ కాంటాటాయే (గానరచన). మూడు వారాల్లో, డిసెంబరు 5న కన్నుమూశాడు.

సందేహి:
డాలరు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీరందరూ చెబుతున్న సమానత్వం మీద నాకు అభ్యంతరం ఉంది. హైడన్ చేరిన ఆ లాడ్జిలోనే ఆంజెలో సోలిమన్ అనే ఆఫ్రికన్ సభ్యుడు ఉండేవాడు. బాల్యంలో బానిసగా ఐరోపాకు వచ్చి, చదువుకుని, అనేక భాషలు నేర్చి, వియన్నా పెద్దలతో సమానంగా కూర్చున్నాడు. అతను 1796లో చనిపోతే శవం నుంచి చర్మం ఒలిపించి, దిమ్మకు తొడిగి, ఈకలు, పూసలు కట్టి, చక్రవర్తి వింతవస్తువుల సేకరణలో ప్రదర్శనకు పెట్టారు. కూతురు ఎంత మొత్తుకున్నా తండ్రి దేహాన్ని అప్పగించలేదు. 1848 తిరుగుబాటులో మంటలు లేచే దాకా అది అక్కడే ఉంది. ఆ మట్టం, ఆ గుండు అప్పుడు ఏ గోనెసంచిలో ఉన్నాయి? ‘మేజిక్ ఫ్లూట్’లో కూడా నల్లజాతి సేవకుడు మోనోస్టాటోస్‌ను నీచుడిగా చూపించారు కదా?

షడ్జమం:
మీ ప్రశ్నకు నా దగ్గర సమర్థన లేదు. 1796 నాటికి వియన్నాలో లాడ్జిలే లేవన్నది వాస్తవం. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1785 డిసెంబరులోనే వాటి సంఖ్యను కుదించాడు, ఫ్రాన్సిస్ చక్రవర్తి 1795లో పూర్తిగా నిషేధించాడు. అయినా సోలిమన్ కథ ఆ చరిత్రలో భాగమేనని మీతో ఏకీభవిస్తాను. మోనోస్టాటోస్ మాటలను ఈనాటి నాటకశాలలు చాలావరకు మార్చి పాడిస్తున్నాయి.

స్త్రీల విషయంలో మాత్రం ఒపేరా లాడ్జిని దాటి ఒక అడుగు ముందుకు వేసింది. పూజారులు ఆడవాళ్ళ మీద విసిరే వెటకారపు మాటలు అందులో చాలానే ఉన్నాయి. కానీ నిప్పు, నీటి పరీక్షల దగ్గరికి వచ్చేసరికి రాత్రి రాణి కూతురు పామినా టామినో చెయ్యి పట్టుకుని తానే ముందు నడుస్తుంది, అతనితో పాటు ఆలయప్రవేశం పొందుతుంది. ఆండర్సన్ 1723 నియమాల ప్రకారం స్త్రీలకు, బానిసలకు ప్రవేశం లేదన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ దృశ్యం బరువు తెలుస్తుంది.

పాతకాగితం:
సోలిమన్ ప్రస్తావన వచ్చింది కనుక ఇంకో ఇద్దరిని కూడా చెప్పుకోవాలి. గ్వాడలూప్ దీవిలో బానిస తల్లికి పుట్టిన షెవాలియే ద సాంజార్జ్ పారిస్‌లో పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు, మేసన్. ‘ఒలింపిక్ లాడ్జి’ నడిపిన కచేరీల సంఘానికి అతడు వాద్యబృంద నాయకుడు. 82 నుంచి 87 వరకు సంఖ్యలున్న ఆరు ‘పారిస్ సింఫనీ’లను హైడన్ చేత రాయించినది ఆ సంఘమే. ఇక్కడ ఏ రహస్య సంకేతమూ లేదు. చందాలు పోగుచేసి, మంచి వాద్యబృందాన్ని నిలబెట్టి, వేరే దేశపు స్వరకర్తకు మంచి పారితోషికం పంపగల ఒక సంఘం ఉంది, అంతే. నన్నడిగితే కళల మీద మేసన్ల ప్రభావంలో సగానికి పైగా ఈ కోవలోనిదే. రెండోవాడు బోస్టన్‌కు చెందిన ప్రిన్స్ హాల్. 1775లో మరికొందరు నల్లజాతివారితో కలిసి ఒక సైనిక లాడ్జిలో దీక్ష తీసుకున్నాడు. తెల్లవారి లాడ్జిలు కలుపుకోకపోవడంతో వాళ్ళు వేరే పరంపరను నిర్మించుకున్నారు. జాజ్ సంగీతంలో మహానుభావుడైన డ్యూక్ ఎల్లింగ్టన్ ఆ పరంపరలోని లాడ్జి సభ్యుడే.

వాళ్ళను ఎగతాళి చేసిన కళ కూడా వాళ్ళలోనుంచే వచ్చింది. చిత్రకారుడు విలియం హోగార్త్ స్వయంగా మేసన్. 1738లో అచ్చయిన అతని ‘రాత్రి’ అనే చిత్రంలో, మెడలో మూలమట్టం, నడుముకు ఏప్రన్ ఉన్న లాడ్జి పెద్ద ఒకాయన తాగి తూలుతూ ఇంటికి పోతుంటే, పై కిటికీలోంచి ఎవరో మూత్రపు కుండను సరిగ్గా అతని నెత్తిన గుమ్మరిస్తారు.

నాంపల్లి స్టేషన్:
ఇక్కడి సంగతి కొంచెం చెబుతాను. హైదరాబాదులో గోషామహల్ బారాదరి మేసన్ల సమావేశ మందిరం. ఆ కట్టడం కుతుబ్‌షాహీల నాటిది, రామదాసు కథలో మనమందరం ఎరిగిన తానీషా కాలంలో కట్టించినదని చెబుతారు. గోషా అంటే పరదా. రాణివాసపు స్త్రీల కోసం కట్టిన మహల్ చివరికి స్త్రీలకు ప్రవేశం లేని సంఘం చేతికి వచ్చింది. చిన్నప్పుడు మా తాతగారి సైకిల్ మీద ఆ దారిన వెళ్తుంటే, లోపల పుర్రె ఉంటుందనీ, అల్లరి చేస్తే అక్కడ దింపేసి పోతాననీ బెదిరించేవారు. ఉత్తరాదిలో ఇలాంటి మందిరాలను జాదూఘర్, అంటే మంత్రాల ఇల్లు, అనేవారు. లాహోర్ లాడ్జిలో 1886లో చేరిన ఆంగ్ల రచయిత కిప్లింగ్ తన ‘కిమ్’ నవలలో ఆ మాటనే వాడాడు, కథానాయకుడి తాయెత్తులో దాచిన కాగితాల్లో కొన్ని కూడా తండ్రి లాడ్జివే. లాహోర్ లాడ్జిని తలచుకుంటూ కిప్లింగ్ రాసిన పద్యం ఒకటి ఉంది. అన్ని మతాలవాళ్ళూ ఒకే గదిలో కూర్చున్నారట గానీ, ఎవరి కులానికి భంగం కలుగుతుందోనని విందులు మాత్రం పెట్టుకోలేదట. మన దేశపు ముద్ర దానిమీద ఎలా పడిందో చెప్పడానికి ఆ ఒక్క ముక్క చాలు.

ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమ్రా 1770లలోనే తిరుచిరాపల్లిలో దీక్ష తీసుకున్నాడు. హిందువులకు మాత్రం ద్వారం తెరవడానికి బెంగాల్‌లో చాలాకాలం వాదోపవాదాలు జరిగాయి, ఇందరు దేవతలను కొలిచేవారు ఒకే దేవుడి పేరిట ప్రమాణం చేయగలరా అన్నది దొరల సందేహం. ప్రసన్న కుమార్ దత్ పట్టువదలకుండా పోరాడి 1872లో కలకత్తాలో ప్రవేశం సాధించాడు. పన్నెండేళ్ళ తర్వాత అదే ‘యాంకర్ అండ్ హోప్’ లాడ్జిలో నరేంద్రనాథ్ దత్తు అనే యువకుడు చేరాడు, ఆయనే తర్వాతి కాలపు వివేకానందుడు. భారతదేశపు గ్రాండ్ లాడ్జి వేరుగా ఏర్పడింది 1961 నవంబరు 24న.

రసమట్టం:
నాంపల్లి స్టేషన్ గారి పుర్రె మాటకు ఒక చేర్పు. మూడో దశ దీక్షలో, సోలమన్ ఆలయం కట్టిన హీరాం అనే ప్రధాన మేస్త్రి హత్యను నాటకంగా ఆడతారు. మేస్త్రీల రహస్యపదం చెప్పమని ముగ్గురు దుండగులు నిలదీసినా చెప్పకుండా అతను ప్రాణం వదులుతాడు. దీక్ష తీసుకునేవాడే ఆ చనిపోయిన మేస్త్రి పాత్ర ధరించాలి. పుర్రె బొమ్మ, శవపేటిక బొమ్మ ఆ దశ పలక మీద కనిపిస్తాయి. మన పేపర్లలో పోలీసుల ‘థర్డ్ డిగ్రీ’ అని రాస్తుంటారే, ఆ మాట ఈ మూడో దశ నిలదీత నుంచే వచ్చిందని ఎక్కువమంది చెప్పే వివరణ.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒపేరా నాందీసంగీతం మళ్ళీ విన్నాను. మొదట్లో మూడు దెబ్బలు అని అన్నిచోట్లా రాశారు, నాకు ఎన్నిసార్లు విన్నా అయిదు వినిపిస్తున్నాయి. పొరపాటు నా చెవిదా, రాసినవాళ్ళదా? ఇంకొకటి, పక్షులు పట్టే పాపగేనో మోగించే ఆ మంత్రపు గంటలకు కూడా మేసన్ అర్థం ఏదైనా ఉందా?

షడ్జమం:
మీ చెవి సరిగ్గానే ఉంది. మొదట్లో ఉన్నవి మూడు స్వరసంపుటులే (ఒకేసారి కలిసి మోగే స్వరాలు), కానీ రెండోదానికీ మూడోదానికీ ముందు ఒక్కో పొట్టి దెబ్బ ఉంటుంది, అందువల్ల అయిదు వినిపిస్తాయి. అసలైన మూడు కావాలంటే నాందీ మధ్యలోకి వెళ్ళండి. పరుగంతా ఆగిపోయి, గాలివాద్యాలు మాత్రమే మూడేసి చొప్పున మూడుసార్లు మోగుతాయి. రెండో అంకంలో పూజారులు టామినోను చేర్చుకోవడానికి సమ్మతి తెలిపినప్పుడు వినిపించేవి కూడా అవే.

పాపగేనోకు దీక్ష లేదు, మౌనవ్రతం అతని వల్ల కాదు. తిండి, మందు, ఒక పెళ్ళాం ఉంటే చాలంటాడు, నాటకం అతనికి అవి ఇచ్చి పంపిస్తుంది. కనుక ఆ గంటలకు అర్థం వెతకనవసరం లేదు. వాటి గురించి మొజార్ట్ 1791 అక్టోబరులో భార్యకు రాసిన ఉత్తరంలో ఒక ముచ్చట ఉంది. ఒపేరాకు మాటలు రాసి, పాపగేనోగా నటించినవాడు నాటకశాల నిర్వాహకుడు షికనేడర్. అతను వేదిక మీద గంటలు వాయిస్తున్నట్టు నటిస్తే తెర వెనుక ఇంకొకరు వాయించేవారు. ఒకరోజు మొజార్ట్ తెర వెనక్కి వెళ్ళి ఆ పని తానే చేస్తానన్నాడు. షికనేడర్ మాట ఆపినచోట కావాలని ఒక వరుస మోగించాడు. అతను ఉలిక్కిపడి పక్కకు చూశాడు. రెండోసారి ఆగినప్పుడు మొజార్ట్ వాయించలేదు. షికనేడర్ కూడా ముందుకు సాగలేదు, ఆగి నిలబడ్డాడు. అప్పుడు మొజార్ట్ మళ్ళీ మోగించాడు. షికనేడర్ చేతిలోని గంటలపెట్టెను ఒక్కటి కొట్టి ‘నోర్ముయ్’ అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆ గంటలు వాయించేది అతను కాదన్న సంగతి చాలామందికి ఆరోజే తెలిసిందని మొజార్ట్ రాశాడు.